ఒప్పుకొన్నదెల్ల ఒప్పేనా?

తెలుగులో 'ఒప్పు' అనే మాట చిన్నది. దాని వెనుక ఉన్న చిక్కు పెద్దది. విద్యార్థి వ్రాసిన జవాబును దిద్దే ఉపాధ్యాయుడు తప్పొప్పులను వేరు చేస్తాడు. అక్కడ ఒప్పు అనగా సరియైనది, న్యాయమైనది. ఇరువురు కూర్చుండి బేరం కుదుర్చుకొన్నప్పుడు 'సరే, ఒప్పుకొన్నాను' అంటారు. అక్కడ ఒప్పు అనగా సమ్మతి. 'ఒప్పందం' అనే మాట పుట్టినది ఈ ఒప్పు నుండియే. ఒకే మాటలో సమ్మతియు, న్యాయమును కాపురమున్నవి. అయితే ఒకే ఇంటిలో ఉన్నవారందరు ఒకే మనసుతో ఉంటారని చెప్పలేము గదా! మనిషి ఒప్పుకొన్నదెల్ల ఒప్పేనా? సమ్మతి ఉన్నచోట న్యాయం తప్పక ఉండి తీరుతుందా? వర్తక వ్యవహారాలలోని ఒప్పందాలను గూర్చిన చట్టం మన దేశంలో నూటయేబది సంవత్సరాలకు పైగా ఈ ప్రశ్నతోనే పెనుగులాడుతున్నది. ఆ పెనుగులాట న్యాయవాదులకే విడిచిపెట్టదగినది కాదు. అప్పుపత్రం, అద్దె కాగితం, బీమా పత్రం, చేతిలోని ఫోనులో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే మీట — ఏదో ఒక రూపంలో సంతకం చేయని మనిషి నేడు అరుదు.

మన ఒప్పందాలకు మూలమైన చట్టం 1872లో వచ్చినది. ఆ యేటి సెప్టెంబరు 1వ తేదీన అమలులోకి వచ్చి, సవరణలతో నేటికిని నిలిచియున్నది. అది పుట్టినకాలపు గాలి ఎట్టిదో మొదట తెలిసికోవలె. 1861లో సర్ హెన్రీ మెయిన్ అనే ఆంగ్ల న్యాయశాస్త్రవేత్త 'ఏన్షియంట్ లా' అనే గ్రంథం ప్రకటించినాడు. ముందుకు సాగే సమాజాలు పుట్టుకతో వచ్చిన అంతస్తును విడిచి, మనుషులు తమంత తాము చేసికొనే ఒప్పందంవైపు నడచినవని ఆయన సిద్ధాంతం. ఆ మరుసటి యేడే ఆయన వైస్రాయి సభలో న్యాయసభ్యుడుగా మన దేశానికి వచ్చినాడు. ఈ సిద్ధాంతంలో సత్యం లేకపోలేదు. ఏ ఇంట పుట్టినాడన్నదానిని బట్టి గాక, ఏమి అంగీకరించినాడన్నదానిని బట్టి మనిషి బాధ్యత ఏర్పడటం నిజముగా ఒక విముక్తి. పాలేరు కొడుకు పాలేరుగానే ఉండితీరవలెననే శాసనాన్ని తెంచిన కత్తి అది. కాని ఏ కత్తికైనను రెండవవైపు కూడ పదును ఉండవచ్చును.

ఆ 1872 చట్టపు 25వ సెక్షను కింద ఒక గుర్రం కథ ఉన్నది. ఒకడు వేయి రూపాయల విలువగల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మడానికి ఒప్పుకొన్నాడు. అతడు స్వేచ్ఛగానే సమ్మతించినాడు. ఆ ఒప్పందం చెల్లుతుందా? చెల్లుతుందని చట్టం చెప్పినది. వెల చాలదన్నంతమాత్రాన ఒప్పందం రద్దు కాదు. ఆ వెంటనే మరొక ఉదాహరణ ఉన్నది. అదే గుర్రం, అదే వేయి, అదే పది. కాని ఈసారి అమ్మినవాడు 'నేను స్వేచ్ఛగా సమ్మతించలేదు' అంటున్నాడు. అప్పుడు వెల అంత తక్కువగా ఉండటం కూడ న్యాయస్థానం లెక్కలోనికి తీసికొనవలసిన విషయమే అని చట్టం చెప్పినది.

ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో చట్టం మనసు తెలుస్తుంది. 'ఇది న్యాయమైన బేరమేనా?' అని అది సూటిగా అడుగదు. 'ఇది నిజమైన సమ్మతియేనా?' అని మాత్రమే అడుగుతుంది. అన్యాయం దాని కంటికి స్వయముగా దోషం కాదు. సమ్మతిని అనుమానించడానికి ఒక ఆధారం మాత్రమే. తన మేలు తానెరిగిన ఇద్దరు సమానుల మధ్య ఈ నియమం చక్కగా పనిచేస్తుంది. కాని గుర్రం అమ్మేవాడు ఆకలితో ఉండి, కొనేవాడు ఊరికంతకును ఒక్కడే అయినప్పుడు?

ఆ ప్రశ్నకు జవాబు పుస్తకాలలో గాక పొలాలలో వచ్చినది. చట్టం అమలులోకి వచ్చి మూడేండ్లు నిండకముందే, 1875 మే 12వ తేదీన, పూనా జిల్లాలోని సూపా అనే గ్రామంలో చుట్టుప్రక్కల రైతులు గుమిగూడి షాహుకార్ల దుకాణాలమీద పడినారు. వారు ముఖ్యముగా అడిగినది సొమ్ము కాదు, ఖాతాపుస్తకాలు, అప్పుపత్రాలు. వాటిని నడివీధిలో పోసి తగులబెట్టినారు. ఆ మంట అహమదునగరు జిల్లాకు కూడ ప్రాకినది. కొన్నిచోట్ల ధాన్యం దోచిన మాటయు, ఇండ్లకు నిప్పు పెట్టిన మాటయు నిజమే. కాని కాగితాలు చేజిక్కినచోట సాధారణముగా వారు మనుషుల జోలికి పోలేదు. రైతు కోపం మనిషిమీద కంటె కాగితంమీద ఎక్కువగా ఉండటం గమనింపదగిన విషయం.

ఆ కాగితంలో ఏమున్నది? 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లండు మిల్లులకు మన ప్రత్తి కావలసివచ్చినది. ధర పెరిగినది, అప్పులు ధారాళంగా పుట్టినవి. యుద్ధం ముగిసిన తరువాత ధర పడిపోయినది. అప్పు మాత్రం నిలిచినది. అదే కాలంలో భూమిశిస్తు హెచ్చించినారు. శిస్తు కట్టడానికి మరల షాహుకారు గడపయే దిక్కు. ఇక్కడ ఒక వింత చూడుడు. అప్పుపత్రానికి మూడేండ్లకు మించి చెల్లుబాటు లేదని 1859లో ఒక చట్టం చేసినారు. వడ్డీ కుప్పలుగా పెరుగకుండ రైతును కాపాడటం దాని ఉద్దేశం. షాహుకారు దానినే ఆయుధం చేసికొన్నాడు. మూడేండ్లు నిండగానే రైతుచేత క్రొత్తపత్రం వ్రాయించేవాడు. చెల్లని అసలును, దానిమీది వడ్డీని కలిపి క్రొత్త అసలు చేసేవాడు. దానిమీద మరల వడ్డీ ఎక్కేది. తరువాత విచారణ జరిపిన దక్కను అల్లర్ల సంఘానికి, నూరు రూపాయల అప్పుమీద రెండువేల రూపాయలకు పైగా వడ్డీ విధించిన ఉదంతం కూడ కనబడినది.

అయినను ప్రతి పత్రంమీద రైతు గుర్తు ఉన్నది. ప్రతిసారియు అతడు 'ఒప్పుకొన్నాడు'. పత్రం చేత బట్టుకొని షాహుకారు కోర్టుకు పోగా, కోర్టు గుర్తును చూచి డిక్రీ ఇచ్చినది. చట్టం లెక్కలో అంతయు సక్రమమే. ఊరి లెక్కలో అంతయు అక్రమమే. ఈ రెండు లెక్కలకు పొత్తు కుదరనిచోట మంట పుట్టినది.

ప్రభుత్వం అల్లరిని అణచినది గాని పాఠం నేర్వక తప్పలేదు. 1879లో దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చినది. పత్రంలో ఏమి వ్రాసియున్నను, న్యాయాధికారి పత్రం వెనుకకు పోయి, అప్పు మొదలైన నాటినుండి లెక్క విప్పి, అసలెంతయో వడ్డీయెంతయో విడదీయవలెనని ఆ చట్టం నిర్దేశించినది. రైతుల పత్రాలను గ్రామ రిజిస్ట్రారుల ఎదుట వ్రాయించే ఏర్పాటును, వ్యాజ్యానికి ముందే రాజీ కుదిర్చే మధ్యవర్తుల ఏర్పాటును చేసినది. ఇద్దరి నడుమ చీకటిలో జరిగిన వ్యవహారానికి ఊరు మరల సాక్షిగా వచ్చి నిలిచినదన్నమాట. నా దృష్టిలో ఈ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉన్నది. ఏ ఒప్పందంలోనైనను పేర్లు ఇద్దరివే ఉంటవి; కాని దానిని అమలు జరిపే కోర్టు సమాజానిది, దానిని నిలబెట్టే బలం సమాజానిది. తన బలం అరువిచ్చే సమాజానికి, అది దేనికొరకు వినియోగపడుతున్నదో అడిగే హక్కు కూడ ఉన్నది.

ఇది మనకు కొత్తగా వచ్చిన ఊహ కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయ'మనే పేర తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. తిక్కన కాలపు ఆ కవియే 'ఆంధ్రభాషాభూషణ'మనే వ్యాకరణాన్ని కూడ రచించినాడు. భాషకు నియమం చెప్పిన చేయియే వ్యవహారానికి కూడ నియమం చెప్పినది. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించరాదనే నియమం మన ధర్మశాస్త్రాలలో ప్రసిద్ధం. బొంబాయి రాజధానిలోని కోర్టులు దీనిని 'దామ్‌దుపట్' అనే పేరుతో హిందువుల అప్పులలో పాటించినవి కూడ. అయితే వడ్డీనే క్రొత్తపత్రంలో అసలుగా మార్చివేసినవాని ముందు ఆ నియమం చాలినది కాదు.

పాతదంతయు మంచిదని చెప్పటం మాత్రం నా అభిమతం కాదు. ఆ ధర్మశాస్త్రాలే వర్ణాన్ని బట్టి వడ్డీరేటు పెంచుతూ పోయినవి. పై వర్ణంవానికి తక్కువ, క్రింది వర్ణంవానికి ఎక్కువ. ఊరి కట్టుబాటు బలహీనుని కాపాడినట్లే, ఒక్కొక్కప్పుడు అతని మెడకు ఉరిగా కూడ బిగిసినది. కావున సమష్టి విలువ అన్నంతనే అది న్యాయమని తలంచరాదు. మెయిన్ మెచ్చుకొన్న స్వేచ్ఛ మనకు కావలసినదే. ఊరు అడిగిన న్యాయం కూడ కావలసినదే. ఒకదానిని వదలి మరొకదానిని పట్టుకొనుట తేలిక. రెండింటిని పొసగించుటయే కష్టం.

దామ్‌దుపట్ నియమం ఇరవయ్యవ శతాబ్దిలో మరొక రూపంలో మన జిల్లాలకు వచ్చినది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలంలో, రాజాజీ మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం చేసినది. అసలు రూపంలో గాని, వడ్డీ రూపంలో గాని, రెండు విధాల గాని, రైతు అసలుకు రెండింతలు చెల్లించియున్నచో ఆ ఋణం పూర్తిగా తీరిపోయినట్లేనని ఆ చట్టం ప్రకటించినది. పత్రంలో ఏమి వ్రాసికొన్నప్పటికిని సమాజం అనుమతించే హద్దు ఒకటి ఉన్నదని దాని భావం.

ఇక ఎదుటిపక్షం వాదాన్ని కూడ వినుట ధర్మం. ఇచ్చిన మాటకు కట్టుబడుట కూడ సమష్టి విలువయే. బహుశ వాటిలో మొదటిది. ప్రతి ఒప్పందాన్ని కోర్టు తిరగదోడవచ్చునన్నచో ఎవడు ఎవనికి అప్పిస్తాడు? ఎవడు సరకు అరువిస్తాడు? దక్కను చట్టం తరువాత కొందరు షాహుకార్లు తాకట్టుకు బదులు అమ్మకపు దస్తావేజులు వ్రాయించుకొన్నారు; రైతు భూమి మరింత ప్రమాదంలో పడినది. దయతో చేసిన చట్టం కూడ దయగానే పనిచేస్తుందని హామీ లేదు.

ఈ జంకు న్యాయస్థానాలను చాలకాలం వెనుకకు లాగినది. 1899లో ఒప్పందాల చట్టపు 16వ సెక్షనును సవరించి, ఎదుటివాని మనసును లొంగదీసికొనగల స్థితిలో ఉన్నవాడు అన్యాయమైన లాభం పొందినచో, ఒత్తిడి లేదని నిరూపించుకొనే భారం అతనిమీదనే పెట్టినారు. కాని 1923లో రఘునాథప్రసాద్ వ్యాజ్యంలో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తలుపును చాలవరకు మూసినది. నూటికి 24 వంతున చక్రవడ్డీకి తాకట్టు పెట్టి తీసికొన్న అప్పు 11 సంవత్సరాలలో సుమారు పదకొండు రెట్లయినది. అంత వడ్డీ అన్యాయమా అన్న ప్రశ్న తరువాతిదనియు, ఋణదాత ఋణగ్రస్తుని మనసును లొంగదీసికొనగల స్థితిలో ఉన్నాడా అన్నది ముందుగా తేలవలెననియు, అవసరం తొందర చేసినంతమాత్రాన అట్టి స్థితి ఉన్నట్లు కాదనియు న్యాయమూర్తులు నిర్ణయించినారు. అవసరంలో ఉన్నవాని సమ్మతి కూడ స్వేచ్ఛాసమ్మతియేనన్నమాట. సూపా రైతు ఈ తీర్పును వినియుంటే ఏమనుకొనేవాడో!

స్వాతంత్ర్యానంతరం మన సుప్రీంకోర్టు నెమ్మదిగా వేరొక త్రోవ త్రొక్కినది. 1963లో ఫతేచంద్, బాలకిషన్ దాస్‌ల మధ్య వ్యాజ్యం తీర్పుకు వచ్చినది. అది ఢిల్లీలో ఒక భవనం అమ్మకం. మొత్తం వెల 1,12,500 రూపాయలు. కొనేవాడు చెల్లించినది 25,000 రూపాయలు. అందులో వేయి రూపాయలు మాత్రమే బయానా. బేరం చెడినప్పుడు, ఒప్పందంలో అట్లు వ్రాసికొన్నాము గనుక మొత్తం సొమ్ము నాదేనని అమ్మకందారు వాదించినాడు. ఒప్పందంలో ఎంత మొత్తం పేర్కొన్నను, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం మాత్రమేనని 74వ సెక్షను చెబుతున్నది. వేయి రూపాయల బయానా తప్ప మిగిలిన 24,000 జప్తు చేసికొనే హక్కు అమ్మకందారుకు లేదని సుప్రీంకోర్టు తేల్చినది. మాట తప్పినవాడు నష్టం భరించవలసినదే. కాని మాట తప్పుట ఎదుటివానికి నిధి దొరికినట్లు కారాదు.

1986లో మరొక పెద్ద అడుగు పడినది. కలకత్తాలోని కేంద్ర అంతర్దేశీయ జలరవాణా సంస్థ, కారణం చెప్పకుండ మూడు నెలల నోటీసుతో శాశ్వతోద్యోగిని తొలగించవచ్చునని నియమం వ్రాసికొన్నది. ఉద్యోగులు దానికి ఒప్పుకొన్నవారే. ఒప్పుకొనకపోతే ఉద్యోగం లేదు. బేరమాడే బలంలో ఇరుపక్షాలకు పోలికయే లేనప్పుడు, బలహీనునిచేత ఒప్పించిన అన్యాయపు షరతు ప్రజాహితానికి విరుద్ధమనియు, 23వ సెక్షను ప్రకారం చెల్లదనియు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2019లో ఇండ్లు కట్టి అమ్మే ఒక సంస్థ వ్యాజ్యంలోను ఇదే దృష్టి కనబడుతుంది. కొనేవాడు వాయిదా ఆలస్యం చేసినచో నూటికి 18 వంతున వడ్డీ. సకాలంలో ఇల్లు ఇవ్వని సంస్థ సొమ్ము తిరిగి చెల్లించేటప్పుడు 9 వంతులు. సంతకం చేయుట తప్ప గత్యంతరం లేని ఇట్టి ఏకపక్షపు షరతులు కొనుగోలుదారుని బంధించవని న్యాయస్థానం చెప్పినది. అదే సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టం 'అన్యాయమైన ఒప్పందం' అనే మాటను నిర్వచించి, అట్టి ఫిర్యాదులను రాష్ట్ర, జాతీయ కమిషనులు వినే ఏర్పాటు చేసినది.

ఇంతవరకు బాగున్నది. కాని వర్తకులకు, వర్తకులకు మధ్య ఒప్పందాల మాట ఏమి? 1986 తీర్పులోనే ఒక హెచ్చరిక ఉన్నది: ఇరుపక్షాలు వ్యాపారస్థులై, వ్యవహారం వాణిజ్యమైనప్పుడు ఈ సూత్రం వర్తించకపోవచ్చునని. వినియోగదారుల చట్టం కూడ వాణిజ్యప్రయోజనం కొరకు కొన్నవానిని, స్వయంగా కష్టించి జీవనం సాగించే చిన్నవానిని మినహాయించి, తన గొడుగు క్రిందికి రానీయదు. వర్తకుడంటే చట్టం కంటికి వర్తకుడే. అయితే దేశమంతట శాఖలున్న కంపెనీయు వర్తకుడే. దానికి సరకు తయారుచేసి ఇచ్చే వీధి చివరి చిన్న కార్ఖానావాడును వర్తకుడే. వీరిద్దరు సమానులా?

ఈ విషయంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఒక మంచి మార్గం చూపినది. సూక్ష్మ, చిన్న సంస్థలనుండి సరకు తీసికొన్నవాడు, ఒప్పందంలో ఎంత గడువు వ్రాసికొన్నను, 45 దినాలకు మించి సొమ్ము ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా లెక్కగట్టి చక్రవడ్డీ చెల్లించవలె. నాడు సూపా రైతును కూల్చిన చక్రవడ్డీయే నేడు చిన్నవాని చేతికి డాలుగా వచ్చినది. అన్యాయపు షరతులన్నింటిని గూర్చి ఒక సమగ్రమైన చట్టం కావలెనని న్యాయ సంఘం 2006లో తన 199వ నివేదికలో సూచించినది. షరతును ఎట్లు ఒప్పించినారన్నది ఒక ప్రశ్న, షరతులోనే అన్యాయం ఉన్నదా అన్నది మరొక ప్రశ్న అని అది చక్కగా వేరు చేసినది. ఆ సూచన ఇంకను చట్టరూపం ధరించలేదు. ధరించువరకు చిన్న వర్తకునికి రక్షణ అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగానే ఉంటుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఏదో ఒక తీరిక గంటలో ఈ పదిరూపాయల గుర్రం కథను తరగతిలో చెప్పి, బేరం చెల్లునా చెల్లదా అని పిల్లలను అడిగి చూడుడు. కొందరు 'ఒప్పుకొన్నాడు కాబట్టి చెల్లుతుంది' అంటారు. కొందరు 'అది అన్యాయం' అంటారు. ఏ ఒకరో 'వాడు ఎందుకు ఒప్పుకొన్నాడు?' అని అడుగుతారు. అడిగిన ఆ విద్యార్థిని మెచ్చుకొనుడు. 1879 చట్టం పత్రం వెనుకకు పోయి అడిగినది ఆ ప్రశ్ననే. 1986లో న్యాయమూర్తులు అడిగినదియు ఆ ప్రశ్ననే. 'కాదు' అనగలిగినవాడు 'ఔను' అన్నప్పుడే ఆ ఔనుకు విలువ. తెలుగు 'ఒప్పు'లోని రెండర్థాలు తమంత తాముగా కలియవు. వాటిని కలుపవలసినవారము మనమే.